ఖాళీ గడిలో మా బావ తారీఖు

నా మూలంగా ఒకసారి బోధన్ దగ్గర ఒక అక్క మూడెకరాల చెరుకు కోయించుకుని, దాన్ని ఫ్యాక్టరీకి తోలే దారి లేక కుప్ప పక్కన కూర్చుంది. కోసిన చెరుకు ఎండలో ఒక రోజు పడి ఉంటే తూకం పోతుంది. ఇంకో రోజు ఉంటే తీపి కూడా పోతుంది. అంత పని చేసింది నేను తయారుచేసిన వెబ్ టెంప్లేటు. ఆ సంగతి చెబుతాను, ఎగ్గొట్టను. కాకపోతే నేరం ఒప్పుకునే ముందు కాసేపు గొప్పలు చెప్పుకోనివ్వండి. ఈ వయసులో నాకు మిగిలిన అలవాటు అదొక్కటే. మిగతా రెండూ డాక్టరు మాన్పించాడు.

నిజామాబాద్‌లో టెంప్లేటు అనేదాన్ని కనిపెట్టింది నేను. అదీ ఎనభైలలో, కంప్యూటరు మొహం చూడకముందే. గాంధీ చౌక్ వెనక సందులో ఒక ప్రెస్సులో పెళ్లికార్డులు కంపోజు చేసేవాణ్ని. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి ఇనుప చట్రంలో పేర్చి బిగించడం పని. పైన దేవుడి శ్లోకం, మధ్యలో బంధుమిత్ర సపరివారం, కింద చిన్నపిల్లల పిలుపు ఏ పెళ్లికైనా ఒకటే. పేర్లు, ఊర్లు, ముహూర్తం మాత్రం మారతాయి. అందుకని మారనిదాన్ని విప్పకుండా బల్ల మీద అట్టే ఉంచి, పేర్లు పీకి పేర్లు పెట్టేవాణ్ని. టెంప్లేటంటే అంతే కదా. ఆ మాట అప్పటికి ఊళ్లో ఎవరికీ తెలీదు.

ఒక్క నియమం ఉండేది. చట్రంలో ఖాళీ ఉండకూడదు. వేలెడంత ఖాళీ ఉన్నా బిగింపు వదిలి, పొద్దుటి నుంచి పేర్చిన అక్షరాలన్నీ బొలబొలమని నేల రాలతాయి. ఖాళీ చోట మొండి సీసపు ముక్కలు పెట్టి పూడ్చాలి. ఆ ముక్కలు వెతకడానికి నాకు బద్ధకం. కొత్త పేరు చేతికొచ్చేదాకా పాత పేరునే అక్కడ కూర్చోబెట్టేవాణ్ని.

అలా మోర్తాడ్ పసుపు రైతు ఒకాయన కూతురి కార్డులో ఏర్గట్ల మేనమామ ఒకడు మిగిలిపోయాడు. ఆయన అంతకుముందు కార్డు తాలూకు మేనమామ. కార్డు అందగానే ఆయన కొత్త ధోవతి కట్టుకుని ఆ పెళ్లికి వచ్చి, ముందు వరుసలో కూర్చుని, రెండు పంక్తుల్లో తిని, పెళ్లికూతురికి వెండి కుంకుమ భరిణె కూడా పెట్టి వెళ్లాడని ఇరవై ఏళ్లపాటు అందరికీ చెప్పాను. అదేం జరగలేదు. అచ్చుకు ముందు ఇచ్చిన ప్రూఫులోనే రైతు పట్టుకుని, ఆ కాగితం ఉండ చుట్టి నా ముఖాన కొట్టాడు.

“నా పెండ్లానికి తోడవుట్టినోడే లేడు. ఈ తమ్ముణ్ని నువ్వు వుట్టిచ్చినవార?”

ఇంకో సంగతి. పెళ్లికార్డుల చట్రం విప్పకుండా ఉంచడం ఊళ్లో ప్రతి ప్రెస్సులోనూ చేసేవారు. నాకు నేర్పింది మా ప్రెస్సు యజమాని.

రెండు వేలు దాటాక సీసపు అక్షరాలు పాత సామాన్ల కొట్టుకు పోయాయి. నేను యాభై దాటి కంప్యూటరు నేర్చుకున్నాను, వెబ్ పేజీలు చేయడం మొదలుపెట్టాను. పసుపు వ్యాపారులకు, బట్టల దుకాణాలకు, ఒక బ్యాండుమేళానికి. ఊళ్లో ఈ పని చేసే వాళ్లందరం ప్రతి ఆదివారం పొద్దున స్టేషన్ రోడ్డులో ఇరానీ హోటల్లో కలిసేవాళ్లం. నలభై మంది వచ్చేవారు, కుర్చీలు చాలేవి కావు. సరే, ఏడుగురం. అందులో ఇద్దరు ఉస్మానియా బిస్కెట్ల కోసం.

ఆ సభలో గొడవ ఒక్కటే. ఎవరి టెంప్లేటు పద్ధతి గొప్పది? పేజీలో మారే చోట్ల నేను మూడు చుక్కలు పెట్టేవాణ్ని. నా ప్రోగ్రాము ఆ చుక్కలు చూసి అక్కడ పేరో ధరో నింపేది. ఖలీల్‌వాడిలో ఇంటర్నెట్ సెంటరు నడిపే తమ్ముడు జల్లెడలాంటి గుర్తు పెట్టేవాడు. అతని ప్రోగ్రాము వేరు. నా పేజీ అతను తెరవలేడు, అతనిది నేను తెరవలేను. ఇద్దరికీ అదే గర్వం.

“కాకా, నీ చుక్కలు నా కంప్యూటర్ల తెరిస్తే వాకిట్ల ముగ్గేసినట్టు గనవడ్తున్నయి. ఇగ పేజీ ఏడుందో దేవులాడుకోవాలె,” అనేవాడు.

“నీ జల్లెడ మంచిగున్నదా? ఇంటికి తీస్కవోయి పిండి జల్లిచ్చుకో.”

మా ఇద్దరి మధ్యలో ఒక టీచరమ్మ ఉండేది. ఇరవై అయిదేళ్ల పిల్ల. బోధన్ నుంచి రోజూ బస్సులో వచ్చి ఇక్కడి కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పేది. ఆమెకు సొంత గుర్తులేవీ లేవు. ఎక్కడెక్కడి వాళ్లో కూర్చుని, ఎవరి సొత్తూ కాకుండా, అందరూ ఒప్పుకుని రాసిపెట్టుకున్న బహిరంగ పద్ధతి ఒకటుందని, పేజీలన్నీ దాని ప్రకారమే రాయాలని ఆమె పట్టు.

“ఆగుండ్రి జర. పేజీ సూసేటోళ్లకు నీ చుక్కలతోని ఏం పని, ఆయన జల్లెడతోని ఏం పని? గంజి మార్కెట్ల కిలో రాయి అందరిదీ ఒక్కతీరే ఉంటది గద. మీరిద్దరు ఎవల రాయి వాళ్లు చెక్కుకొని కూసుంటమంటుండ్రు.”

“రాయి అందరిదీ ఒక్కటే అయితే ఇగ నా దుకాణం గొప్పేంది బిడ్డా?”

“గొప్ప నువ్వు తూచేటి సరుకుల ఉండాలె కాకా. రాయిల ఉంటే దాన్ని దొంగరాయి అంటరు.”

బిస్కెట్ల వాళ్లిద్దరూ కూడా నవ్వారు. నాకు మండింది.

“సరే, నా పద్ధతిల తక్కువేమున్నదో చెప్పు.”

“నువ్వు లేనప్పుడు ఇంకొకలు తెరిచి దిద్దలేరు. గదే తక్కువ.”

“నేనేడికి వోత?”

“ఏడికో వోతవు. సుట్టాల పెండ్లికి వోవా?”

ఆ మాట గుర్తుంచుకోండి. నేను గుర్తుంచుకోలేదు.

అప్పుడే బోధన్ వైపు చెరుకు రైతుల సంఘం వాళ్లు ఒక పేజీ కావాలని వచ్చారు. చెరుకు ఎప్పుడు పడితే అప్పుడు కోయడానికి లేదు. ఏ రైతు ఏ రోజు కోసి తేవాలో ఫ్యాక్టరీ నుంచి తారీఖు వస్తుంది. ఆ రోజుకు స్లిప్పు ఇస్తారు. స్లిప్పు లేని బండిని గేటు దాటనివ్వరు, కాంటా ఎక్కనివ్వరు. తారీఖు తేలిందా లేదా అని అడగడానికే రైతులు వారానికి నాలుగుసార్లు సంఘం ఆఫీసు చుట్టూ తిరిగేవారు. ఆ జాబితా పేజీలో పెడితే తిరుగుడు తప్పుతుందని వాళ్ల ఆలోచన.

టీచరమ్మ ఒక పేజీ చూపించింది. తెల్లటి కాగితం మీద నల్లటి గడులు. రైతు పేరు, ఊరు, తారీఖు. తేలని తారీఖు చోట ఖాళీ. నా పేజీ చూపించాను. పైన టైరు బండి ఒకటి చెరుకు గడలతో ఎడమ నుంచి కుడికి పోతూ ఉంటుంది. అక్షరాలు మిణుకుమిణుకుమంటాయి. అన్నిటికన్నా, నా పేజీలో ఒక్క గడి కూడా ఖాళీగా లేదు. చూడ్డానికి నిండుగా, పెళ్లికార్డులా ఉంది. సంఘం పెద్దలు ఏకగ్రీవంగా నన్నే ఎన్నుకున్నారు. అంటే, నలుగురు వస్తే ఇద్దరు చెయ్యెత్తారు, ఒకాయన బండి వంక చూస్తూ ఉండిపోయాడు, ఇంకొకాయనకు బస్సు టైమయింది.

గెలిచిన ఊపులో నోరు జారాను. “ఇగ ముందుగాల స్లిప్పు కోసం ఎవలు తిరగొద్దు. పేజీల తారీఖు సూసుకొని చెరుకు కొయ్యుండ్రి. స్లిప్పు తెల్లారి తీస్కోవచ్చు.” ఆ మాట ఊళ్లన్నీ తిరిగింది.

ఖాళీ గడి ఎందుకు లేదంటారా? ప్రెస్సు అలవాటు. ఖాళీ కనిపిస్తే నాకు చెయ్యి ఊరుకోదు, ఎక్కడ అక్షరాలు రాలిపోతాయో అని భయం. అందుకని ప్రోగ్రాములో ఒక మాట రాశాను, గడి ఖాళీగా ఉంటే మొదటి వరుసలోది తెచ్చి నింపమని. మొదటి వరుసలో నమూనా కోసం మా బావ పేరు పెట్టాను. మా అక్క భర్త. ఆయనకూ అక్కడే చెరుకుంది. తారీఖు రాగానే ఆయనది బుధవారమని నింపాను. ఆ వరుస తీసేసి మామూలు చోట పెట్టాలని అనుకుంటూనే మరిచిపోయాను. ఇంటర్నెట్‌లో తన పేరే పైన ఉందని బావ ఎడపల్లి దాకా చెప్పుకుని తిరిగాడు.

సంఘం గుమాస్తా జాబితా టైపు చేశాడు. పేజీ వచ్చింది. దాన్ని అచ్చు తీసి ఆఫీసు గోడకు అంటించాడు. నేను ధర్పల్లిలో చుట్టాల పెళ్లికి పోయాను.

మంగళవారం పొద్దున, పెళ్లి పందిట్లో వడ చేతిలో ఉండగా, ఆ ఇంటి ఫోను మోగింది. టీచరమ్మ.

“కాకా, ఆ గోడ మీది జాబితాల ఒక అక్కకు తారీఖే తేలలే. గుమాస్తా ఖాళీ ఇడిసిపెట్టిండట. నీ పేజీల మాత్రం బుధారమని వడ్డది.”

“దిద్దుమను.”

“దిద్దుతనే ఉన్నడు. తుడిసినకొద్దీ మీ బావ తారీఖు మళ్ల మొలుస్తున్నది. తేలలేదని రాస్తే తీస్కోదట, తారీఖే రాయాల్నట. లోపలికి వోయి సూద్దమంటే నీ తాళం. తాళం మాట చెప్పు, పాస్‌వర్డు.”

పందిట్లో అందరి ముందు గట్టిగా తాళం మాట ఎలా చెప్పను? అది మా ఆవిడ ముద్దుపేరు.

“నేనే వస్తున్న తియ్. ఒక్క తారీఖుకు అంత లొల్లేంది?”

“ఆమె రాత ఒడిసింది కాకా. నువ్వన్న మాటిని నిన్ననే మరాఠోళ్లను పిలిచి చెరుకంత గొట్టిచ్చింది. బుధారం పొద్దుగాల్నే గేటు కాడ ముంగట ఉండాల్నని. ఇప్పుడు స్లిప్పుకొస్తే లేదన్నరు. ఆమె తారీఖు ఇంకో పది రోజులకు గని రాదట.”

వడ కింద పెట్టాను. అది నిజం, ఇందులో పెంచింది లేదు.

రెండు బస్సులు మారి బోధన్ చేరేసరికి ఎండ నడినెత్తి దాటింది. టీచరమ్మ బస్టాండులో నిలబడి ఉంది. అక్కడి నుంచి ఆటోలో అక్క చేను దగ్గరకు పోయాం. చెరుకు గడలు కట్టలు కట్టి గట్టు పొడవునా పడి ఉన్నాయి. పైనుంచి ఆకు కప్పి నీళ్లు చల్లారు. నాందేడ్ వైపు నుంచి వచ్చిన కోత ముఠా పెద్ద వేపచెట్టు నీడలో కూర్చుని, బండ్లు ఎప్పుడు కట్టాలని మరాఠీలో అడుగుతున్నాడు. అక్కకు నలభై అయిదేళ్లుంటాయి. కొడవలి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నన్ను చూసి లేవలేదు.

“గీయనేనా కంప్యూటరాయన?”

“నేనే అక్కా. చిన్న పొరపాటయింది.”

“చిన్నదే. సంవత్సరం పంట. అగో, గా కట్ట దీస్కో, కూసొని నములు. మొత్తం నమిలినంక లే. గేటోడు తీస్కోనిది నువ్వన్న తీస్కో.”

ముఠా పెద్దకు తెలుగు రాదనుకున్నాను. అతను పడీపడీ నవ్వాడు.

టీచరమ్మ సంఘం కార్యదర్శిని అప్పటికే అడిగి ఉంది. దారి ఒక్కటే. బుధవారం స్లిప్పు ఎవరికుందో ఆ రైతు తనంతట తాను సంతకం పెట్టి ఇస్తే, స్లిప్పు అక్క పేరుకు మారుస్తారు. అతనికి అక్క తారీఖు వస్తుంది. బుధవారం స్లిప్పులు ఉన్నవాళ్లందరూ అప్పటికే చెరుకు కొట్టేశారు, ఒక్కరు తప్ప. కోత ముఠాను ఎప్పుడూ చివరి నిమిషంలో పిలిచే మనిషి, చెరుకు ఇంకా నిలబడే ఉన్న మనిషి. మా బావ.

పొద్దు వాలుతుండగా బావ ఇంటికి చేరాం. ఆయన వాకిట్లో మంచం మీద బీడీ తాగుతున్నాడు. టీచరమ్మను చూసి సర్దుకుని కూర్చున్నాడు.

“ఏం బామ్మర్ది, నా పేరు ఇంకా పైన్నే ఉన్నదా?”

“ఉన్నది బావా. జర నీ స్లిప్పు ఒకలకు ఇయ్యాల్సొచ్చింది.”

“ఎందుకు?”

అప్పుడు నిజం చెప్పి ఉంటే అయిదు నిమిషాల్లో తేలిపోయేది. నా నోటికి ఆ అలవాటు లేదు. అమెరికాలో పెద్ద కంప్యూటరు ఒకటి కాలిపోయిందన్నాను. బావ బీడీ పొగ వదిలాడు.

“అమెరికల గాలితే మా చెరుకుకేమైతది? ఇంకోటి చెప్పు.”

వైరస్ వచ్చిందన్నాను. మనుషుల నుంచి కంప్యూటర్లకు కూడా అంటుకుంటోందన్నాను.

“నీకేం గాలే గద. ఇంకోటి చెప్పు.”

ఆ తరవాత అన్న మాట రాయడానికి ఇప్పటికీ చెయ్యి రావట్లేదు. ఆదివారం సభలో మా పద్ధతులంటే గిట్టని వాళ్లు కొందరున్నారు, వాళ్లెవరో పేజీలో చెయ్యి పెట్టి ఉంటారు అన్నాను. టీచరమ్మ నా పక్కనే నిలబడి ఉంది. గట్టున పడి ఉన్న చెరుకు దిక్కుకు, అంటే మేం వచ్చిన దారి దిక్కుకు తిరిగి చూసింది, అంతే.

“బామ్మర్ది,” అన్నాడు బావ, “నీ మొకం నాకెర్క. పెండ్లిల మీ అక్క వయిసు మూడేండ్లు తగ్గిచ్చి చెప్పింది నువ్వే. నిజం చెప్తే సంతకం వెడ్త. అబద్ధం చెప్తే స్లిప్పు నా జేబులనే ఉంటది. అగో, పొద్దు వోతున్నది.”

చెప్పాను. ఖాళీ గడి చూస్తే భయమని, ప్రెస్సు అలవాటని, ఖాళీని నింపమని నేనే రాశానని, నింపడానికి పైనున్న తన తారీఖే దొరికిందని, తాళం వేసింది నేనేనని.

“అంటే నా పేరు పైన వెట్టింది మర్యాదకు గాదా?”

“నమూనాకు వెట్టిన బావా. తీసుడు మర్సిన.”

చెరుకు తారీఖు పోతున్నందుకు కాదు, అంతమందికి చెప్పుకున్న గొప్ప నమూనా అని తేలినందుకు ఆయన ముఖం చిన్నబోయింది. ఆ బాధ నాకంటే బాగా ఎవరికి తెలుస్తుంది? చివరికి చెయ్యి చాపాడు.

“కలం ఇయ్యి. గని ఐతారం మీ హోటలుకు నేను సుత వస్త. ఇప్పుడు జెప్పింది అక్కడ అందరి ముంగట చెప్పాలె. ఛాయ్ నువ్వే తాపాలె.”

బుధవారం పొద్దున అక్క బండ్లు గేటు దాటి కాంటా ఎక్కాయి. ఒక రోజు ఎండకు కొంత తూకం పోయింది, అది నేను తిరిగి తేలేను. ఆ పొద్దునే సంఘం ఆఫీసులో టీచరమ్మ నా పేజీ పక్కన పెట్టి తన తెల్లటి పేజీ ఎక్కించింది. గుమాస్తా తనే తెరిచి బావ తారీఖు చోట ‘తేలలేదు’ అని రాశాడు. పేజీ తీసుకుంది, ఎదురు మాట్లాడలేదు. టైరు బండి పోయినందుకు మాత్రం గుమాస్తాకు కొంచెం బెంగ.

ఆదివారం హోటల్లో లేచి నిలబడ్డాను. బావ మూడో ఛాయ్‌లో ఉన్నాడు.

“నా టెంప్లేటు వల్ల అయిదుగురు రైతులు…”

“ఒక్కలే కాకా,” అంది టీచరమ్మ.

“ఒక్కలు. మూడెకరాల చెరుకు…”

“ఎకరంన్నర,” అన్నాడు బావ.

తప్పు ఒప్పుకునేటప్పుడైనా కాస్త పెద్ద తప్పు ఒప్పుకుందామంటే వీలు పడలేదు. చుక్కల పద్ధతి మానేస్తున్నానని చెప్పాను. సెంటరు తమ్ముడు చప్పట్లు కొట్టబోతే టీచరమ్మ అతని జల్లెడ సంగతేమిటని అడిగింది. అతను బిస్కెట్ అందుకున్నాడు.

ఇంకొకటి మిగిలింది. నా చుక్కల పద్ధతి నా బుర్రలోంచి పుట్టిందని చెప్పుకునేవాణ్ని. అందులో గడులు గీసే భాగమంతా టీచరమ్మ పాత పేజీ ఒకటి తెరిచి, లోపలి రాత చూసి ఎత్తుకున్నది. ఆ రోజే ఆ సంగతి కూడా చెప్పేశాను.

“నాకెర్కనే కాకా,” అంది. “సూసి తీస్కోవాల్ననే తెరిచి వెట్టిన. నువ్వు తీస్కొని తాళమేసినవు, గదే కోపం.”

పది రోజుల తరవాత బావకు ఆ బోధన్ అక్క తారీఖు వచ్చింది. ఆ పది రోజులూ, నిలబడ్డ చెరుకుకు నీళ్లు కట్టడానికి ఎవరు వస్తారని ఆయన నాకు పొద్దునే ఫోను చేసేవాడు. పోయాను. రెండు పొద్దులు. సరే, ఒకటి.

ఈ కాగితం మొదటి వాక్యంలో మూడెకరాలని రాశాను. తుడవలేదు. ఇప్పుడు మీకు తెలుసు కదా, మీరే దిద్దుకోండి. తాళం వేయలేదు.